ఏటి మొగలో విషపు బురద: తోడెయ్యాలా, కదపకుండా వదిలెయ్యాలా?

ఉప్పుటేరు: నేనుండేది వర్జీనియాలో, రిచ్‌మండ్ దగ్గర. ఇక్కడి జేమ్స్ నది సంగతి తెలిశాక, అడుగున పడుకున్న విషాన్ని కెలక్కూడదనే నా అభిప్రాయం. 1970ల్లో ఈ నది ఒడ్డునున్న హోప్‌వెల్ ఊళ్లో ఓ పాత పెట్రోల్ బంకులో కెపోన్ అనే పురుగుమందు తయారుచేసేవాళ్లు. పనివాళ్లకు ఒళ్లు వణుకు పట్టుకుంది. ఆ వ్యర్థాలు మురుగు శుద్ధి ప్లాంటులోని బ్యాక్టీరియాను చంపేసి నదిలోకి పోయాయి. 1975 జులైలో ఫ్యాక్టరీ మూతపడింది, డిసెంబర్‌లో నది కలిసే చీసాపీక్ అఖాతం దాకా చేపల వేట బంద్. బురద తోడడానికి లెక్కేస్తే వందల కోట్ల డాలర్లు తేలింది. వదిలేశారు. కొట్టుకొచ్చిన ఒండ్రే దాన్ని కప్పేసింది. కొన్ని రకాలకు ముందే సడలింపులిచ్చినా, నిషేధం పూర్తిగా ఎత్తేసింది 1988లో.

వలకట్టు: పదమూడేళ్లు! మన దగ్గర పదమూడు రోజులు వేట ఆగితేనే అప్పు పుట్టదు. జపాన్‌లో మినమాటా ఊరు చూడండి. 1958లో చిస్సో అనే రసాయనాల కంపెనీ పాదరసం కలిసిన తన మురుగును రేవు వైపు నుంచి నది మొగకు మళ్లించింది. ఏడాది తిరక్కుండానే ఆ వైపు ఊళ్లలోనూ పాదరసం విషం ఎక్కిన రోగులు కనిపించారు. వాళ్లు మాత్రం వదిలెయ్యలేదు. 1977 నుంచి 1990 దాకా, 25 పీపీఎం (పది లక్షల వంతుల్లో 25) దాటి పాదరసం ఉన్న బురదను పట్టుకుని కొంత తోడారు, కొంత అక్కడే పూడ్చారు.

ఉప్పుటేరు: పూడ్చారు అని మీరే అన్నారు కదా! విషం ఎక్కడికీ పోలేదు, 58 హెక్టార్ల నేల కింద ఉంది. అసలు మొగలోనే ఎందుకు పేరుకుంటుందంటే, ఉప్పునీళ్లు తగలగానే సన్నటి బంకమట్టి పాలు విరిగినట్టు ముద్దకట్టి, రసాయనాల్ని పట్టుకుని అడుక్కి దిగుతుంది. కదిపితే మళ్లీ నీళ్లలోకి లేస్తుంది.

ఎన్నూరోడు: ఇద్దరూ ఒకసారి చెన్నై పక్కనున్న మా ఎన్నూరు రండి. మన నగరి ఏరు కలిసే కుశస్థలి నది సముద్రంలో పడేది ఇక్కడే. ఇరుళ తెగ ఆడవాళ్లు మొలలోతు నీళ్లలో కూర్చుని, చేతులతో బురద తడిమి రొయ్యలు పడతారు. పట్టినవి నోట కరిచిపట్టుకున్న తాటాకు సంచిలో వేస్తారు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వరదకు చమురు కొట్టుకొచ్చింది. ఆ బురదలోకే వాళ్లు మళ్లీ దిగాలి. ఒండ్రు కప్పేస్తుందంటారు, ఆ కప్పును రోజూ తీసేది వాళ్ల చేతులే కదండీ! పైగా జేమ్స్‌లో ముందు ఫ్యాక్టరీ మూశారు. ఇక్కడ థర్మల్ కరెంటు కేంద్రం బూడిద పైపులు ఇంకా కారుతూనే ఉన్నాయి.

ఉప్పుటేరు: చేతులతో పట్టే చోట నా వాదన నిలవదు, ఒప్పుకుంటా. మరి తోడిన బురద ఎక్కడ పోస్తారు?

ఎన్నూరోడు: మేమూ అదే అడిగాం. పోయినసారి గట్టు మీద కుప్పలు పోసి వెళ్లారు. వానకు సగం మళ్లీ ఏట్లోకే దిగింది.