గేటు దగ్గర హూటర్‌కి రైలొస్తోందని ఎవరు చెప్తారు?

గుంటూరు శ్యామలానగర్ గేటు దగ్గర పాలప్యాకెట్ పట్టుకుని నిలబడ్డ ప్రతిసారీ ఇదే అనుమానం. రైలు జాడ కూడా ఉండదు, హూటర్ మాత్రం కుయ్‌మంటుంది!

జవాబు: సిగ్నల్ పనిలో రిటైరయ్యాను బాబూ. చాలా గేట్లకు స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తాడు, గేట్‌మ్యాన్ మీట నొక్కుతాడు. గేటు పడి తాళం పడితేగానీ రైలుకు సిగ్నల్ రాదు. మనిషి లేకుండా మోగేవి వేరు. పట్టాల్లో పారే కొద్దిపాటి కరెంటు రిలేను, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌ను, పట్టి ఉంచుతుంది. చక్రాలెక్కగానే కరెంటు ఇరుసు గుండా మళ్లిపోతుంది, రిలే టక్‌మని వదిలేస్తుంది, గంట మోగుతుంది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంట్ తీసుకున్నది దీనికే.

మరి కరెంటు పోతే?

జవాబు: బ్యాటరీలుంటాయి. అవీ అయిపోతే రిలే పడిపోతుంది, రైలున్నట్టే లెక్క. వానకు కంకరలో నీళ్లు నిలిచినా ఒక్కోసారి అంతే. అలాంటి రాత్రులు నాకు నిద్ర ఉండేది కాదు.