కెర్నల్‌ని హోల్డ్‌లో ఉంచాలా, ఆప్ట్ అప్‌గ్రేడ్‌కి వదిలేయాలా?

సీమ_చిన్నోడు: బెంగళూరు బెల్లందూరు ఆఫీసులో నాకు 12 ఉబుంటు 24.04 (లైనక్స్) సర్వర్లు అప్పజెప్పారు. ఇంతకుముందు చూసిన అన్న సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ప్యాకేజీలన్నిటికీ ఆప్ట్-మార్క్ హోల్డ్ (ప్యాకేజీలు వేసే ఆప్ట్ వాటిని ముట్టకుండా తాళం) పెట్టి వెళ్లిపోయాడు. ఏడాదిగా పాత కెర్నలే నడుస్తోంది. హోల్డ్ తీసి అప్‌గ్రేడ్ కొట్టేయనా?

బూట్_బాబాయ్: ఇవాళే తియ్యి తమ్ముడూ. 2022లో డర్టీ పైప్ అనే కెర్నల్ లోపం బయటపడినప్పుడు మామూలు యూజర్ కూడా రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అయిపోగలిగేవాడు. దానికి మందు కొత్త కెర్నలే. పైగా కొత్తది వేస్తే పాతది చెరిగిపోదు, పక్కనే ఉంటుంది. తేడా కొడితే మెషీన్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాతదాన్ని ఎంచుకోవడమే.

మారతహళ్లి_పీజీ: ఆ మెనూ ఎవరికి కనిపిస్తుంది బాబాయ్? సర్వర్ వైట్‌ఫీల్డ్‌లో ఉంటుంది, నేను పీజీలో మంచం మీద ఉంటాను.

ఆప్ట్_గెట్: చిన్న సవరణ. ఆప్ట్ అప్‌గ్రేడ్ అంటేనే కొత్త కెర్నల్ వస్తుంది. ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ కొత్త ప్యాకేజీలు వేయదు, 'కెప్ట్ బ్యాక్' (ఆపి ఉంచా) అని చూపించి ఊరుకుంటుంది.

బూట్_బాబాయ్: ఇక్కడ ప్రశ్న అది కాదు.

ఆప్ట్_గెట్: అదే అసలు ప్రశ్న. ఈ తేడా సగం మందికి తెలీదు.

మారతహళ్లి_పీజీ: నా సంగతి వినండి. పాత కంపెనీలో రాత్రి రెండింటికి కెర్నల్ మార్చి రీబూట్ కొట్టాను. పింగ్ పోయింది, మళ్లీ రాలేదు. బయట వాన. ఆటో దొరికేసరికి మూడు. గేటు దగ్గర సెక్యూరిటీ "పాస్ ఎల్లి సర్" అని అరగంట నిలబెట్టాడు. లోపలికెళ్లి మానిటర్ తగిలిస్తే లాగిన్ ప్రాంప్ట్ నవ్వుతోంది. సర్వర్ బాగానే లేచింది, నెట్‌వర్క్ కార్డే లేదు! ఆ డ్రైవర్‌ని ఎవరో ఎప్పుడో చేత్తో కంపైల్ చేసి పాత కెర్నల్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో పడేశారు, కొత్తదానికి అది దొరకలేదు.

బూట్_బాబాయ్: అది కెర్నల్ తప్పెలా అవుతుంది? డీకేఎంఎస్‌లో (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్లీ కంపైల్ చేసేది) పెట్టి, దానికి కావలసిన కెర్నల్ హెడర్స్ ఫైళ్లు వేసి ఉంటే కొత్త కెర్నల్‌కి అదే కట్టుకునేది. డిఫాల్ట్‌గా పాతదే ఉంచి, గ్రబ్-రీబూట్‌తో ఒక్కసారికే కొత్తది ఎక్కించి, పానిక్=10 పెడితే కెర్నల్ పానిక్ అయి (పూర్తిగా ఆగిపోయి) పడిపోయినా పది సెకన్లకి రీబూట్ అయి పాతదానికి తిరిగొచ్చేది.

మారతహళ్లి_పీజీ: పానిక్ అయితే కదా! లేచి కూర్చుందని చెప్తుంటే.

బూట్_బాబాయ్: మీలాంటివాళ్లు పెట్టిన హోల్డుల వల్లే నాకు ప్రతి ఆడిట్‌లో తిట్లు.

కోరమంగళ_కోడి: ఓహో, బాబాయ్ సెక్యూరిటీ టీమా 😀

మారతహళ్లి_పీజీ: అనుకున్నా. మీరు టికెట్‌లో 'అప్రూవ్డ్' కొట్టి పడుకుంటారు. పొద్దున మేనేజర్ "ఎవరు రీబూట్ చేశారు" అని అడిగాడే గానీ, ఎవరు చేయమన్నారని అడగలేదు. నాకు కెర్నల్ అంటే భయం లేదండీ. ఆ ప్రశ్నంటేనే భయం.

బూట్_బాబాయ్: ...సరే, అది తప్పే. కానీ హ్యాక్ అయితే ఆ ప్రశ్న నన్ను అడుగుతారు. ఈసారి పగలే పెట్టించు, 'మేమూ కాల్‌లో ఉంటాం' అని మీ సెక్యూరిటీవాళ్ల చేత టికెట్‌లో రాయించుకో చిన్నోడా.

సీమ_చిన్నోడు: ఇప్పుడే చూశా అన్నా. పన్నెండిట్లో రిమోట్ కన్సోల్ (దూరం నుంచే స్క్రీన్ చూసే వీలు) ఉన్నవి నాలుగే. శనివారం పగలు వాటిలో ఒకదానితో మొదలెడతా.

ఆప్ట్_గెట్: ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ మాత్రం కొట్టకు. రాదు.