గువ్వలచెరువు ఘాట్‌లో పి0299 కోడ్ మళ్లీ మళ్లీ వస్తోంది, టర్బో మార్చాల్సిందేనా?

కడప_పికప్:

అన్నలందరికీ నమస్కారం. నాది 2018 మోడల్ బీఎస్-4 డీజిల్ పికప్. మైదుకూరు వైపు నుంచి ఎర్రగడ్డలు ఎత్తుకుని రాయచోటి, పీలేరు అంగళ్లకు వేస్తుంటాను. కడప దాటి గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు సగం దూరం పోయేసరికి బండి లాగడం మానేస్తుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, ఇక యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఆర్‌పీఎం పైకి పోదు, వెనకాల లారీలోళ్లు హారన్ మీద హారన్. పక్కకు తీసి ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగానే పోతుంది, లైట్ మాత్రం అలాగే ఉంటుంది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు, టౌన్‌లో తిరిగేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు.

షెడ్డులో స్కానర్ పెడితే పి0299, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే ఫ్యాన్) ప్రెజర్ తక్కువగా ఉంది అని చూపించింది. ముందు ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చారు. తర్వాత ఆ గాలి ప్రెజర్ కొలిచే బూస్ట్ సెన్సర్ కొత్తది వేశారు. ప్రతిసారీ కోడ్ క్లియర్ చేసి పంపిస్తారు, లోడుతో ఘాట్ ఎక్కితే మళ్లీ అదే కోడ్. ఇప్పుడేమో టర్బో పోయింది, ముప్పై వేల పైనే అవుతుంది అంటున్నారు. బండి మీద ఇంకా కంతులు ఉన్నాయి. అంత డబ్బు పెట్టాక కూడా లైట్ వెలిగితే ఏం చేయాలన్నదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రొద్దుటూరు_డ్రైవర్:

నా బండికి టర్బో నిజంగానే పోయింది అన్నా, కానీ అది పోయే ముందు చాలా చెప్పింది. ఈల వేసినట్టు సౌండ్, సైలెన్సర్‌లో నీలం పొగ, ఇంజిన్ ఆయిల్ తగ్గిపోవడం. నీ బండికి ఇవేవీ లేకపోతే టర్బో జోలికి పోవద్దు. ఎయిర్ ఫిల్టర్ వైపు పైపు ఊడదీసి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టర్బో ఫ్యాన్‌ను వేలితో తిప్పి చూడు. సాఫీగా తిరగాలి. రెక్క చివర పక్కనున్న గోడకు తగులుతున్నా, ముందుకీ వెనక్కీ లాగితే కదులుతున్నా అప్పుడు మాత్రమే అనుమానించు.

అనంత_డీజిల్:

పి0299 అంటే టర్బో చెడిపోయింది అని అర్థం కాదు. ఇంజిన్ కంప్యూటర్ ఇంత గాలి ప్రెజర్ రావాలి అని అనుకుంది, సెన్సర్ దగ్గర అంత కనబడలేదు, అంతవరకే ఆ కోడ్ చెప్పేది. ఆ ప్రెజర్ ఎక్కడ పోతోందో దానికి తెలియదు, అది మనం వెతుక్కోవాల్సిందే. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది) పోయే పైపు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వచ్చే పైపు, వాటి క్లిప్పులు, ఇంటర్‌కూలర్ బాడీ, సరిగా మూసుకోని ఈజీఆర్ వాల్వు (పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), తెరుచుకునే ఉండిపోయిన వేస్ట్‌గేట్ (టర్బోను తిప్పే పొగను పక్కకు వదిలే తలుపు), టర్బోకు ముందు ఎగ్జాస్ట్ లీకు, వీటిలో ఏది ఉన్నా ఇదే కోడ్ వస్తుంది. టర్బో ఈ లిస్టులో ఆఖర్న చూడాల్సింది, ఎందుకంటే ఖరీదు దానిదే ఎక్కువ, మిగతావన్నీ చూడడానికి పెద్దగా ఖర్చు లేదు.

ఒక సంగతి చెప్పు. ఘాట్‌లో ముందు లాగుడు తగ్గి తర్వాత లైట్ వెలుగుతుందా, లేక బాగా లాగుతుండగానే లైట్ వెలిగి ఆ తర్వాత బలం పోతుందా? ముందే లాగుడు తగ్గితే నిజంగానే గాలి తక్కువవుతోంది. బాగా లాగుతూ ఉన్నట్టుండి లైట్ వస్తే సెన్సర్, దాని వైరింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఆ టైంలో నల్లపొగ వస్తుందా, ఉస్సుమని గాలి పోయే సౌండ్ ఉందా, అదీ చూడు.

బండి కంప్యూటర్‌లోని కోడ్లు, రీడింగులు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ చిన్నది ఒకటి కొనుక్కో, స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో పెట్టి ఫోన్‌లో చూడొచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి ఇన్‌టేక్ ప్రెజర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ప్రెజర్) చూడు, అది బయటి గాలి ప్రెజర్‌తో సమానంగా ఉండాలి. మా అనంతపురం 335 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 96, 97 కిలోపాస్కల్ చూపిస్తుంది. కడప మాకన్నా కింద ఉంది, మీకు 98 నుంచి 100 మధ్య రావాలి. అక్కడే 85 అనో 110 అనో చూపిస్తే కొత్త సెన్సర్ అయినా సరే నమ్మొద్దు. సరిగ్గా ఉంటే లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఎంత వస్తుందో చూడాలి, కానీ నువ్వు స్టీరింగ్ పట్టుకుని ఫోన్ చూడొద్దు, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకో.

ఇంకోటి, కోడ్ క్లియర్ చేయించే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చదివించు. కోడ్ పడిన క్షణంలో స్పీడు, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి, లోడు ఎంతున్నాయో అందులో ఉంటాయి. చదవకుండా క్లియర్ చేస్తే చేతికొచ్చిన ఆధారం పోయినట్టే. ఆ షెడ్డులో ప్రతిసారీ అదే జరిగినట్టుంది, నాకు బాధ కలిగించింది అదే.

కర్నూలు_వైరింగ్:

పై అన్న చెప్పింది కరెక్టు. వైరింగ్ వైపు కూడా ఒక మాట. సెన్సర్ మార్చినా కోడ్ పోలేదంటే కనెక్టర్ చూడండి. పిన్ను వదులుగా ఉన్నా, లోపల పచ్చగా చిలుము పట్టినా కొత్త సెన్సర్ కూడా తప్పే చెబుతుంది. మల్టీమీటర్‌తో చూస్తే ఒక వైరులో 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్ ఉండాలి. ఎలుకలు కొరికిన వైర్లు ఈ ప్రాంతపు బళ్లలో చాలా చూశాను, పైన టేపు బాగానే ఉంటుంది, లోపల రాగి ఒక పోగు మీద ఆడుతుంటుంది. అయితే వైరింగ్ తప్పైతే ఖాళీ బండిలో గుంతల రోడ్డు మీద కూడా కోడ్ రావాలి. మీకు లోడుతో ఎక్కుడులోనే వస్తోంది కాబట్టి నా ఓటు కూడా గాలి లీకుకే. బ్యాటరీ వైరు తీసి కోడ్ పోగొట్టే పని మాత్రం చేయకండి, అన్నీ చెరిగిపోతాయి.

కడప_పికప్:

అందరికీ థాంక్స్ అన్నా. టర్బో ఫ్యాన్ తిప్పి చూశాను, సాఫీగా ఉంది, ఆయిల్ కూడా తగ్గడం లేదు. తాళం ఆన్‌లో 99 చూపించింది. తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని లోడుతో ఘాట్ ఎక్కాం. మూడో గేరులో ఫుల్‌గా తొక్కినా 130 దగ్గరే ఆగిపోయింది, నల్లపొగ వచ్చింది, ముందు లాగుడు తగ్గాకే లైట్ వెలిగింది. అద్దం దించి వింటే ఉస్సుమని సౌండ్ కూడా ఉంది, ఇన్నాళ్లు లారీల మోతలో అది వినపడలేదు.

అనంత_డీజిల్:

తాళం ఆన్‌లో 99 అంటే సెన్సర్ బాగుంది. లోడుతో ఫుల్‌గా తొక్కినప్పుడు ఇలాంటి ఇంజిన్లలో 200 దగ్గరికి, దానిపైకి పోవాలి. 130 అంటే టర్బో గాలి ఇస్తోంది కానీ అది మధ్యలో పోతోంది. పైపుల కింది వైపు చేత్తో తడిమి చూడు, ఆయిల్ తడికి దుమ్ము అంటుకుని నల్లగా జిగురుగా ఉన్న చోట చీలిక ఉంటుంది. కంటికి కనబడకపోతే టర్బో ముందు పైపుకు పీవీసీ మూత బిగించి, దానికి ట్యూబ్ వాల్వు పెట్టి, పంచరు షాపు కంప్రెసర్‌తో గాలి పట్టించి సబ్బు నీళ్లు పోయాలి. 15 పీఎస్‌ఐ దాటొద్దు, దాటితే సీళ్లు దెబ్బతింటాయి. కొంత గాలి ఇంజిన్ వాల్వుల దారిన పోతుంది, అది మామూలే. ఖాళీ బండికి ప్రెజర్ పెద్దగా అక్కర్లేదు కాబట్టి ఆ చీలిక మూసుకునే ఉంటుంది, లోడుతో ఎక్కుడు మీద తెరుచుకుంటుంది. మామూలుగా చూస్తే దొరకనిది అందుకే.

కడప_పికప్:

దొరికింది అన్నా! ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కు వచ్చే రబ్బరు పైపు కింద, బ్రాకెట్‌కు ఒరుసుకునే చోట వేలంత పొడవు చీలిక. సబ్బు నీళ్లు పోయగానే బుడగలు వచ్చాయి. పైపు మార్పించాను, నిన్న ఎర్రగడ్డల లోడుతో ఘాట్ ఎక్కితే 205 దాకా పోయింది, బండి ఎక్కడా ఆగలేదు. లైట్ ఇంకా వెలుగుతోంది, క్లియర్ చేయించాలా?

కర్నూలు_వైరింగ్:

చాలా సంతోషం అన్నా. ఇప్పుడు క్లియర్ చేయించొచ్చు, చేయించకపోయినా ఆ లోపం మళ్లీ రాకుండా మూడు సార్లు బండి సరిగ్గా నడిస్తే సాధారణంగా లైట్ తనంతట తానే ఆరిపోతుంది. ముందు ఆ బ్రాకెట్ సంగతి చూడండి. పైపు ఒరుసుకోకుండా బ్రాకెట్ వంచైనా, మధ్యలో పాత టైరు రబ్బరు ముక్క కట్టైనా దూరం చేయాలి, లేకపోతే కొత్త పైపు కూడా అక్కడే తెగుతుంది. క్లిప్పులు కూడా వారం తిరిగాక మళ్లీ ఒకసారి బిగించండి, వేడికి రబ్బరు సర్దుకుని వదులవుతాయి.