నూనె రాస్తే జారడం లేదు, పౌడర్‌కి జారుతోంది: ఎక్కడ తప్పు?

తూనీగ:
సాయంత్రం నుంచీ ఇదే పని, విసుగొచ్చేసింది. మా తమ్ముడి స్కూలు ప్రాజెక్టు. ఇంట్లో దొరికేవాటిలో ఏది మంచి కందెనో తేల్చాలి. పలక మీద పదార్థం రాసి, పైన వస్తువు పెట్టి, పలకను ఒక పక్క నుంచి మెల్లగా ఎత్తుతూ ఏ కోణంలో జారుతుందో చూస్తున్నాం. నీళ్ళు, సబ్బునీళ్ళు, వంటనూనె, వాజ్‌లిన్, టాల్కమ్ పౌడర్ తీసుకున్నాం. పౌడర్‌కి బాగానే జారుతోంది. నూనెకి మాత్రం ఏమీ రాయనప్పటికన్నా ఎక్కువ ఎత్తాల్సి వస్తోంది! వాజ్‌లిన్‌కైతే పలకను నిలువునా నిలబెట్టినా కదలట్లేదు. పైగా ప్రతిసారీ కోణం మారిపోతోంది. ఎల్లుండికల్లా ఇచ్చేయాలి. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

చిట్టిచీమ:
వస్తువేమిటి, బరువెంత, పలక దేనిది, నూనె ఎంత? ఇవి లేకుండా ఏం చెబుతాం?

కుట్టుమిషన్:
ముందుగా ఒక మాట. వంటనూనె కందెనగా పనికొస్తుందని పిల్లలకు అలవాటు చేయకండి. మొదట్లో బాగానే జారుతుంది. రానురాను గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడి బంకలా పట్టేస్తుంది. అవిసె నూనె ఈ విషయంలో బాగా ముందు. అలా ఆరి గట్టిపడుతుందనే దాన్ని రంగుల్లో కలుపుతారు. పొద్దుతిరుగుడు నూనెదీ కొంతవరకు అదే గుణం. కొబ్బరినూనె అంత తొందరగా బంక కట్టదు గానీ 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కుట్టుమిషన్లో వంటనూనె వేస్తే కొన్నాళ్ళకు చక్రం తిప్పడమే కష్టమవుతుంది. మిషన్ నూనె పెట్రోలియం నుంచి తీసిన పల్చని నూనె, అలా బంక కట్టదు. ప్రాజెక్టులో దాన్నీ కలపండి, తేడా తెలుస్తుంది.

చిట్టిచీమ:
ఆవిడ అడిగింది అది కాదు.

భౌతికం మాస్టారు:
వాలుతలం పద్ధతి సరైనదే. జారడం మొదలైన కోణానికి ట్యాన్ విలువ (ఎత్తును కింది భుజంతో భాగిస్తే వచ్చేది) తీస్తే అదే స్థైతిక ఘర్షణ గుణకం, అంటే కదలకుండా ఉన్న వస్తువును ఘర్షణ ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో చెప్పే సంఖ్య. కోణమానినితో కుస్తీ పట్టే బదులు ఎత్తు కొలవండి. 100 సెం.మీ. పలక అంచు 30 సెం.మీ. లేచినప్పుడు జారితే కింది భుజం 95.4 సెం.మీ. వస్తుంది. 30ని దానితో భాగిస్తే 0.31. వస్తువు బరువు గురించి బెంగ అక్కర్లేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆమోంటన్ 1699లోనే చెప్పాడు, బరువు ఎంత పెరిగితే ఘర్షణా అంతే పెరుగుతుంది, కాబట్టి కోణం మారదు.

తూనీగ:
వస్తువంటే అగ్గిపెట్టేనండి, ఖాళీది. పలక ప్లైవుడ్. నూనె ఒక చెంచా పోసి వేలితో రాశాం. ఇవి కూడా ముఖ్యమా?

లేత్‌పని:
ముఖ్యమైనవి అవే. మాస్టారు చెప్పిన సూత్రం పొడి తలాలకు. మధ్యలో తడి పొర ఉంటే అది రెండు తలాలనూ అంటిపెట్టుకుంటుంది, ఆ పట్టు బరువుతో పాటు పెరగదు. ఖాళీ అగ్గిపెట్టె బరువు కొద్ది గ్రాములే. నిలువుగా నిలబెట్టినా దాన్ని కిందికి లాగేది ఆ కొద్ది గ్రాములే కదా, వాజ్‌లిన్ పట్టు అంతకన్నా ఎక్కువ. అందుకే గోడకు అంటించినట్టు నిలిచిపోయింది. మీరు కొలుస్తున్నది జారుడు కాదు, అతుకు.

రెండోది, అట్టా ప్లైవుడ్డూ రెండూ నూనె పీల్చుకుంటాయి. మొదటిసారికి పైన ఉన్న నూనె మూడోసారికి లోపలికి ఇంకిపోతుంది, అట్ట మెత్తబడుతుంది. కోణం మారిపోతోందంటే ఇదే కారణం.

ఇలా చేసి చూడండి. కింద మందపాటి గాజు పలక గానీ నునుపైన పెద్ద టైల్ గానీ, అంచులకు టేపు వేసి. పైన 10 సెం.మీ. చదరపు టైల్ ముక్క, మెరిసే వైపు కిందికి. దాని మీద 300 గ్రాములు వచ్చేలా బరువు, ఎత్తుగా పేర్చకుండా పరిచి టేపు వేయండి, లేకపోతే జారే ముందే బోల్తా పడుతుంది. స్టీలు డబ్బా వద్దు, చాలావాటికి అడుగున అంచు పొడుచుకుని ఉంటుంది, ఆ గీత ఒక్కటే తగులుతుంది.

ద్రవాలన్నీ సూది లేని సిరంజితో ఒకే కొలత. 30 × 10 సెం.మీ. దారికి 3 మి.లీ. సమంగా పరిస్తే పొర 0.1 మి.మీ. వస్తుంది. చెంచాతో పోస్తే మడుగు కడుతుంది. ముక్క పెట్టాక ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ఎత్తండి. ఎంతసేపు కూర్చుంటే కింద నూనె అంత పక్కకు పోతుంది, కాబట్టి ఆ సమయం మారకూడదు.

చిట్టిచీమ:
మధ్యలో దేనితో కడిగారు? సబ్బు మిగిలితే అదీ కందెనే. వేడినీళ్ళతో బాగా కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పెట్టాలి. వరుస: పొడిగా, పౌడర్, నీళ్ళు, సబ్బునీళ్ళు, నూనె, చివర వాజ్‌లిన్.

భౌతికం మాస్టారు:
బరువుతో పాటు పెరగనిదాన్ని పొడి తలాల ఘర్షణతో కలపకూడదు, అందులో పొర అతుకూ, స్నిగ్ధతా (ద్రవం చిక్కదనం) ఉంటాయి. అలాంటప్పుడు ఘర్షణ గుణకం అని పట్టికలో రాయడం తప్పు. స్ప్రింగ్ త్రాసుతో లాగితే ఈ గొడవే ఉండదు.

లేత్‌పని:
చేత్తో లాగితే అంటుకోవడం, గెంతడం, ముల్లు ఊగడం. దారం తలానికి సమాంతరంగా లేకపోతే ఇంకో తప్పు. అసలు చిక్కు వేరే ఉంది. నూనె పొర సరిగ్గా ఉంటే ముక్క ఒక్కసారిగా జారదు, చిన్న వంపులోనే పాకడం మొదలెడుతుంది. అప్పుడు "మొదలైన కోణం" ఏదని రాస్తారు? పలకను 20 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచి, 30 సెం.మీ. దాటడానికి పట్టిన సమయం రాయడం మేలు. ఫోన్లో వీడియో తీస్తే సమయం తేలిగ్గా దొరుకుతుంది. ఒక్కోదానికి 5 సార్లు చేసి సగటు తీయండి. పొడి టైల్ 20 దగ్గర కదలకపోతే "కదలలేదు" అనే రాయండి. అదీ ఫలితమే.

కుట్టుమిషన్:
పౌడర్‌ని కందెనల్లో ఎలా కలుపుతున్నారో నాకర్థం కావట్లేదు. కందెన అంటే నూనో గ్రీజో.

లేత్‌పని:
పొడి కందెనలు ఎప్పటి నుంచో ఉన్నాయండీ. టాల్క్, గ్రాఫైట్ రెండూ పొరలు పొరలుగా ఉంటాయి, పొర మీద పొర జారుతుంది. తాళంలో పెన్సిల్ పొడి వేసేది అందుకే. అక్కడ నూనె వేస్తే దుమ్ము పట్టి బిగుస్తుంది. గ్రాఫైట్‌కి గాలిలో తేమ కూడా కావాలి, శూన్యంలో త్వరగా అరిగిపోతుంది.

కుట్టుమిషన్:
తాళం సంగతి సరే, మిషన్లో పౌడర్ వేస్తారా?

చిట్టిచీమ:
ఇది టైల్ ముక్క గురించి.

తూనీగ:
టైల్ ముక్క దొరికింది, బరువు పెట్టాం. నూనె, సబ్బునీళ్ళు ఇప్పుడు దారికొచ్చాయి. వాజ్‌లిన్ మాత్రం 20 దగ్గర ఇంకా కదలట్లేదు. అదొక్కటీ తీసేయనా?

లేత్‌పని:
తీసేయొద్దు. జెల్లీలాంటి పదార్థం మీద కొంత బలం పడేదాకా అసలు పారదు, ఘనపదార్థంలా నిలుస్తుంది. అందుకే కారిపోకూడని చోట వాడతారు. గుడ్డతో తుడిచేసి పల్చని జిడ్డు మాత్రమే మిగిల్చి ఇంకోసారి చూడండి. మందంగా, పల్చగా అని రెండు వరుసలు రాయండి.

భౌతికం మాస్టారు:
పట్టికలో గది ఉష్ణోగ్రత కూడా రాయించండి. చల్లబడితే నూనె చిక్కబడుతుంది.

తూనీగ:
సరేనండి, రాస్తాం. థాంక్స్ అందరికీ. తమ్ముడు నిద్రపోయాడు, మిగతాది రేపు.

కుట్టుమిషన్:
మిషన్ నూనె కూడా పెట్టి చూడమన్నాను, పెట్టారా?