కర్ణాటక సంగీతం నేర్చిన గొంతుకు ఖయాల్ సాధన ఎలా?

కోమలరిషభం:
వర్ణాలు, కొన్ని కృతుల వరకు కర్ణాటక సంగీతం నేర్చుకుని, ఇప్పుడు హిందుస్తానీ సంగీతంలోని ఖయాల్ అనే గాన పద్ధతి మొదలుపెట్టాను. గురువుగారు యమన్ రాగంతో ప్రారంభించారు. స్వరాలు కర్ణాటక రాగమైన కల్యాణివే కనుక సులువుగా వస్తుందనుకున్నాను గాని, గాంధారం మీద నిలిచిన ప్రతిసారీ అది కల్యాణిలా ఉందంటున్నారు. ఈ తేడా గొంతుకు పట్టాలంటే ఇంటి దగ్గర ఏ సాధన చేయాలి? తాన్‌లు (వేగంగా పాడే స్వర వరుసలు) ఎప్పుడు మొదలుపెట్టవచ్చు? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

తంబురాశ్రుతి:
మీ గురువుగారు అసలు విషయమే పట్టుకున్నారండి. కల్యాణిలో స్వరాన్ని గమకంతో (ఊపుతూ) పలకడం అలవాటైన గొంతు, నిలకడగా ఉండవలసిన చోట కూడా తెలియకుండానే కదులుతుంది. యమన్‌లో గాంధారం వాది (ప్రధాన) స్వరం; ఊపిరి ఉన్నంతసేపు దానిని కదలకుండా నిలపాలి. తంబురా మంద్ర షడ్జం (కింది స్థాయి ‘స’) తీగను ఒంటరిగా మీటి, నాదం సన్నగిల్లేదాకా చెవి పెట్టి వినండి. అందులోంచి అంతర గాంధారం తనంతట తానే పలుకుతుంది. మీ గాంధారాన్ని దానిలో కలపండి.

యమన్ ఆరోహణలో షడ్జ పంచమాలను తరచుగా వదిలి ని-రి-గ, మ-ద-ని అంటూ సాగుతారు కనుక, కొన్నాళ్లు ఆ మొదటి మూడు స్వరాలనే ఆకారంలో (‘ఆ’ అనే అచ్చుతో) పాడండి. అలాగే దిగేటప్పుడు పంచమం నుంచి రిషభానికి తీసే మీండ్‌లో (స్వరం నుంచి స్వరానికి తెగకుండా జారడంలో) ఎక్కడా మెట్టు వినిపించకూడదు. స్వరాల పేర్లతో పాడితే హల్లుల చాటున లోపం దాగిపోతుంది, ఆకారంలో మాత్రం వెంటనే బయటపడుతుంది.

ఖరజ్‌సాధకుడు:
పై మాటకు ఒక చేర్పు. హిందుస్తానీలో స్వరం కదలనే కదలదని అనుకోకండి. దర్బారీ కానడలో కోమల గాంధారానికి ఆందోళనే (మెల్లని ఊపే) ప్రాణం. ఖయాల్‌లో గమక్ తాన్‌లూ ఉన్నాయి. ఏ స్వరం ఏ రాగంలో ఎంత కదలాలన్నదే ప్రశ్న.

తెల్లవారుజామున మంద్ర స్థాయిలో ఖరజ్ సాధన (కింది స్వరాల సాధన) చేయండి గాని, గొంతు నొక్కి కిందికి దింపవద్దు. ధ్వని గరగరలాడిన చోట ఆగి, ఒక స్వరం పైకి రండి. తాన్‌ల కోసం తొందర వద్దు. ముందుగా పల్టాలను (స్వరాభ్యాస వరుసలను) ఒకే లయలో ఏక్‌గున్, దుగున్, చౌగున్‌లలో (ఒకటి, రెండు, నాలుగు రెట్ల వేగాల్లో) పాడి, చౌగున్‌లోనూ ప్రతి స్వరం విడివిడిగా వినిపించినప్పుడే మొదలుపెట్టండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

విలంబిత్:
వినికిడి కూడా సాధనలో భాగమేనండి. కిరాణా ఘరానాకు (గాన సంప్రదాయానికి) చెందిన హిందుస్తానీ గాయకుడు అబ్దుల్ కరీం ఖాన్ (1872–1937) మైసూరు ఆస్థానంతో పరిచయం వల్ల కర్ణాటక సంగీతాన్ని ప్రేమించి, త్యాగరాజ కృతిని రికార్డు మీద కూడా పాడారు. అందువల్ల మీవంటి శ్రోతకు ఆయన స్వర విన్యాసం దగ్గరగా అనిపిస్తుంది. విలంబిత్ (నెమ్మదైన) ఏక్‌తాల్ అనే తాళంలో ఖయాల్ వినేటప్పుడు పన్నెండు మాత్రలను చేతితో లెక్కిస్తూ, గాయకులు సమ్ (తాళంలో మొదటి మాత్ర) మీదికి ఎలా చేరుతున్నారో గమనించండి. ఆది తాళానికి అలవాటైన చేతికి ఆ మందగతి మొదట్లో అసహనం కలిగిస్తుంది గాని, యమన్ గాంధారం నిలబడేందుకు చోటు దొరికేది ఆ గతిలోనే.