నాన్నగారి జ్ఞాపకార్థ పుస్తకంలో ఏమి రాయాలి, ఏమి విడిచిపెట్టాలి?

ప్రశ్న (కనిగిరి నుంచి, పెద్దకొడుకు)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు గత నవంబరులో ప్రభువునందు నిద్రించారు. వచ్చే నవంబరులో జరిగే జ్ఞాపకార్థ కూడిక నాటికి ఆయన జీవితాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి, వచ్చినవారందరికీ ఇవ్వాలని అనుకుంటున్నాము. పెద్దకొడుకునని రాసే బాధ్యత నా మీద పెట్టారు. మూడు వారాలుగా కూర్చుంటున్నాను గాని ‘దైవభక్తిపరులు, పరోపకారి, నిగర్వి’ అన్న మాటలు దాటి కలం సాగడం లేదు. ఆ మాటల్లో అబద్ధం లేదు, కానీ వాటిలో మా నాన్నగారు కనిపించడం లేదు.

ఆయన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కాంపౌండరుగా పనిచేశారు. ఊళ్లో ఆయనను పేరు పెట్టి పిలిచినవారు తక్కువ. చిన్నా పెద్దా అందరికీ ‘కాంపౌండరు గారే’. సంఘంలో చాలాకాలం కోశాధికారిగా ఉండి, ఆదివారం కానుకల లెక్కనూ, ఇంటింటా తీసిపెట్టిన గుప్పెడు బియ్యం లెక్కనూ ఒకే పుస్తకంలో రెండు రంగుల సిరాలతో రాసేవారు. మొన్న పెట్టె సర్దుతుండగా అలాంటిదే మరొక నోటు పుస్తకం దొరికింది. అది సంఘానిది కాదు. తాను వెంటబెట్టుకుని ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకువెళ్లిన రోగుల పేర్లు, బస్సు చార్జీలు, మందుల ఖర్చు, చివరకు ఇడ్లీలకు ఇచ్చిన డబ్బులతో సహా అందులో ఉన్నాయి. ఎవరి దగ్గరా తిరిగి వసూలు చేసిన గుర్తు లేదు. కొన్ని పేర్ల పక్కన చిన్న శిలువ ఉన్నది. వారు ప్రాణాలతో తిరిగి రాలేదని అమ్మ చెప్పింది. కొన్ని అంకెల పక్కన ‘ఇం’ అని ఒక్క అక్షరం ఉన్నది. దాని అర్థం నాకు తెలియలేదు.

చిక్కు ఇక్కడ వచ్చింది. నాన్నగారు ఒక బంధువు అప్పుకు హామీ సంతకం చేశారు. ఆ బంధువు కట్టకపోవడం వల్ల మాకున్న ఎకరన్నర మెట్ట అమ్మవలసి వచ్చింది. చెల్లెలు పుట్టిన రాత్రి కూడా నాన్నగారు ఎవరినో తీసుకుని ఒంగోలులోనే ఉన్నారు. ఇంటి గుట్టు అచ్చులో పెట్టవద్దని తమ్ముడు అంటున్నాడు. అవి తీసేస్తే నేను రాసేది ఆయన జీవితమే కాదేమోనని నాకు అనిపిస్తున్నది. ఇంకొకటి, మా ముత్తాతగారు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఒకరని ఇంట్లో చెప్పుకుంటాము. ఇది రాయవచ్చునా? నాన్నగారి సంగతులు ఏ సంవత్సరంలో జరిగాయని అడిగితే మా పెద్దలు ‘తుఫాను వచ్చిన ఏడు’ అంటారే తప్ప మరో మాట చెప్పరు. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపండి.

జవాబు (కందుకూరు, విశ్రాంత ఉపాధ్యాయుడు)

బాబూ, ‘తుఫాను వచ్చిన ఏడు’ అన్న మాటను తక్కువగా చూడవద్దు. ఏ తుఫానో అడగండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, అంటే వరికోతల ముందు వచ్చింది. 1990 నాటిది మే నెలలో, నడి ఎండాకాలంలో వచ్చింది. అప్పుడు పొలంలో ఏమున్నదో గుర్తు చేస్తే సంవత్సరం దానంతట అదే తేలుతుంది. సునామీ 2004 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాడు, ఆదివారం వచ్చింది. ఆ ఉదయం ఆరాధనలో ఎవరెవరు ఉన్నారో, కబురు విని తీరానికి ఎవరు బయలుదేరారో మీ సంఘంలోని పెద్దలకు తప్పక గుర్తుంటుంది.

కాగితాల విషయంలో రెండు జాగ్రత్తలు. పాత పత్రాలలో కనిగిరి పక్కన నెల్లూరు జిల్లా అని ఉంటే పొరపాటనుకుని దిద్దవద్దు. కనిగిరి, పొదిలి, మా కందుకూరు ప్రాంతాలు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. దానికి ప్రకాశం పేరు 1972లో పెట్టారు. (మా కందుకూరును 2022లో తిరిగి నెల్లూరులో కలిపారు.) రెండవది, సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ జూలై 1 అని ఉంటే వెంటనే నమ్మవద్దు. బడిలో చేర్చుకునేటప్పుడు వయసు సరిపోయేలా ఆ తేదీ వేయడం మా వృత్తిలో మామూలుగా జరిగిన పని. సంఘపు రిజిస్టరుతో పోల్చి చూడండి.

ఇక గుండ్లకమ్మ సంగతి. 1876–78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి కల్పించారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ కరువు నెలల్లో ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. అందువల్లనే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో అంతమంది ఏటిలో దిగారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు బోధకులు. ఆ బోధకులు ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలోకి దిగారు. ఆ తరువాతి వారాలలో కూడా వేలమంది బాప్తిస్మం పొందారు కనుక, మీ ముత్తాతగారు ఆ రోజు వారు కావచ్చు, ఆ తరువాతి వారు కావచ్చు. సంఘపు రిజిస్టరులో పేరు దొరికితే నిశ్చయంగా రాయండి, దొరకకపోతే ‘మా ఇంట చెప్పుకునే మాట’ అని రాయండి. అలా రాసినందువల్ల ఆయన గౌరవం తగ్గదు.

జవాబు (పొదిలి నుంచి)

అన్నగారూ, నాలుగేళ్ల కిందట మా నాన్నగారి మీద నేనూ ఇటువంటి పుస్తకమే వేశాను. ఆయన చందాలు పోగుచేసి బడికి గదులు కట్టించిన సంగతి, దానికోసం ఊరూరా తిరిగిన సంగతి పుటలకు పుటలు రాశాను. ఇంట్లో అప్పుల మాట ఒక్కటీ రాయలేదు. మా అమ్మ చదివి, పుస్తకం మూసి, ‘బాగుందమ్మా, ఇందులో నేను ఒక్కచోటా లేను’ అన్నది. అప్పటికే 500 ప్రతులు పంచేశాము. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతున్నది.

అందుకని నా మనవి ఒక్కటే. మీ నాన్నగారు ఒంగోలులో ఉన్న రాత్రి మీ ఇంట్లో ఏమి జరిగిందో అమ్మగారిని కూర్చోబెట్టి అడగండి. ఎకరన్నర పోయిన తరువాత ఇల్లు ఎలా నడిచిందో అడగండి. అది ఆయన మీద ఫిర్యాదుగా ఎందుకు రాయాలి? ఆ సేవకు ఇంట్లో ఎవరు ఏమి వదులుకున్నారో చెబితే సేవ బరువు చదివేవారికి తెలుస్తుంది. హామీ పెట్టించుకున్న బంధువు ఎవరో తెలిసేలా మాత్రం రాయవద్దు; వారి పిల్లలు ఆ కూడికకు వస్తారు. అలాగే నోటు పుస్తకంలోని రోగుల పేర్లు, జబ్బులు వారి కుటుంబాలను అడగకుండా అచ్చు వేయకండి. శిలువ గుర్తు ఉన్న ఇళ్లకైతే మీరే స్వయంగా వెళ్లండి.

జవాబు (నెల్లూరు, ప్రెస్సు నడిపే వ్యక్తి)

పుటలు 16 చొప్పున లెక్క వేసుకోండి. 32 గాని 48 గాని అయితే కాగితం వృథా కాదు. పాత ఫోటోలను వాట్సాప్‌లో ఫోటోలుగా పంపితే నాణ్యత పోతుంది, స్కాన్ చేయించి తెండి. కంప్యూటరులో టైపు చేసినది ప్రెస్సు ఫాంటులోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి, కాబట్టి ప్రూఫులు మీరొకసారి, ఇంటివారు కాని మరొకరు ఒకసారి చదవాలి. ఆ నోటు పుస్తకంలోని ఒక పుటను, పేర్లు కప్పి, యథాతథంగా అచ్చు వేయమని నా సలహా. చేతిరాత చూస్తే మనిషిని చూసినట్టే ఉంటుంది.

తిరిగి ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పొదిలి అమ్మాయి జవాబును నిన్న రాత్రి అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ఆ నోటు పుస్తకం తెమ్మని, కళ్లజోడు పెట్టుకుని, ‘ఇం’ అన్న అక్షరం మీద వేలు పెట్టి, ‘ఇది ఇంట్లోదిరా’ అన్నది. నెలాఖరున జీతం డబ్బులు అయిపోయాక ఎవరైనా రోగి వస్తే, అమ్మ గేదెపాలు పోసి దాచుకున్న డబ్బులోనుంచి నాన్నగారు అడిగి తీసుకునేవారట. తీసుకున్న ప్రతిసారీ ఆ అక్షరం వేసి, అంకె అమ్మకు చూపించేవారట. చెల్లెలు పుట్టిన రాత్రి ఖర్చుల పక్కన కూడా ‘ఇం’ ఉన్నది.

మాస్టారు గారు చెప్పినట్టు సంఘపు రిజిస్టరు చూడడానికి శనివారం వెళుతున్నాను. హామీ సంగతి ఎక్కడ రాయాలో అమ్మే నిర్ణయించింది: ‘సంతకం పెట్టాడని రాయి, ఎవరికి పెట్టాడో రాయవద్దు, చేను ఎంతకు పోయిందో నేను చెబుతాను.’ తమ్ముడు దానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు పాల లెక్క అమ్మ చెబుతుంటే చెల్లెలు రాస్తున్నది.