కొబ్బరి మాను చెక్కాక గుంతను పూడ్చాలా, వదిలేయాలా?

కోనసీమ ఒండ్రు నేల, కాలవ గట్టు మీది ముదురు కొబ్బరి చెట్లు. మాను మొదట్లో పగుళ్లలోంచి తుప్పు రంగు జిగురు కారి, ఎండి నల్లబడుతోంది. నల్లమచ్చ తెగులే, అనుమానం లేదు. కుళ్లిన భాగాన్ని ఉలితో చెక్కేసి, లీటరు నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నంతో చేసిన బోర్డో పేస్టు పూయడం వరకు తెలుసు.

సందేహమల్లా తర్వాతి సంగతే. మామిడికైతే బెరడు కింద కొత్త కణాలు పుట్టించే పొర ఉంటుంది, గాయం అంచుల నుంచి పూడుకొస్తుంది. కొబ్బరికి ఆ పొర లేదు, చెక్కిన గుంత ఎప్పటికీ గుంతే. (ఎక్కడానికి మానుకు గంట్లు పెట్టేవాళ్లకి ఇది పట్టదు.) పైగా నీరు, ఆహారం మోసే నాళాల కట్టలు మాను వెలుపలి అంచు వైపే దట్టంగా ఉంటాయి, మాను బలమంతా అక్కడే. లోతుగా చెక్కితే తుఫాను గాలికి విరుగుతుందేమో, పైపైన చెక్కితే కుళ్లు లోపలికి పాకుతుంది.

చుట్టుకొలతలో ఎంత వంతు వరకు చెక్కవచ్చు? పేస్టు ఆరాక తారు పూసి వదిలేస్తే చాలా, సిమెంటుతో పూడ్చాలా? సిమెంటుకీ మానుకీ మధ్య సందులో వాన నీరు దిగుతుందని నా అనుమానం. గుంత అడుగును బయటికి వాలుగా చెక్కడమే మేలనిపిస్తోంది. చేసి చూసినవాళ్లు చెప్పండి.